హాట్ క్రాస్ బన్ను: సటీక, సతాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్యాత మల్లినాథసూరి ఉన్నాడు. బన్నుకు ఎవరూ లేరు. ఆ లోటు పూడ్చడానికి మేం పూనుకున్నాం. మూలం లేనిదే టీక నిలవదు కాబట్టి పద్యం కూడా మేమే కట్టుకున్నాం. ఇంగ్లండులో గుడ్ ఫ్రైడే నాడు తినే తీపి బన్ను ఇందులో వర్ణ్యవస్తువు. ఛందస్సు ఆటవెలది. రసం శాంతమని కవి అంటాడు. వెన్న రాశాక శృంగారమని వ్యాఖ్యాత అంటాడు. ఇద్దరమూ ఒకరమే అయినా రాజీ కుదరలేదు.

మూలం

శుక్రవారముదయసూర్యుండు రాకుండ
వేడి బన్ను పొయ్యి వెడలి వచ్చు
నెత్తి మీద సిలువ నీరెండ రంగుతో
మరుదినమున తినిన మహిమ లేదు

ప్రతిపదార్థం

శుక్రవారము = ఈస్టరుకు ముందు వచ్చే శుక్రవారం నాడు; ఉదయసూర్యుండు రాకుండ = ఇంకా తెల్లవారకముందే; వేడి బన్ను = ఎండుద్రాక్షా సుగంధద్రవ్యాలూ కలిసిన మెత్తటి బన్ను; పొయ్యి వెడలి = ఓవెన్ విడిచి; వచ్చు = బల్ల మీదికి దిగును; నెత్తి మీద = పైభాగాన; సిలువ = అడ్డగీత, నిలువుగీత; నీరెండ రంగుతో = పాలిపోయిన పసుపుతో ఉండును; మరుదినమున = శనివారం; తినిన = నమిలి మింగిన; మహిమ లేదు = కడుపు మాత్రమే నిండును.

తాత్పర్యం

బన్ను శుక్రవారం పుట్టాలి, శుక్రవారమే చెల్లిపోవాలి.

విశేషాలు

నెత్తి మీద సిలువ: మైదాలో పాలు, వెన్న, గుడ్డు, ఈస్టు కలిపి, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడులు చల్లి, ఎండుద్రాక్షా పాకంలో ఊరిన నారింజ తొక్కా దట్టిస్తారు. పిండి పొంగాక ఉండలు చేసి ట్రేలో వరసగా పేర్చి, మళ్లీ పొంగనిస్తారు. అప్పుడు ఒట్టి మైదాను నీళ్లతో జారుగా కలిపి కోన్‌లో పోసి, గోరింటాకు పెట్టినట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కో వరసకీ ఒకే గీత లాగుతారు; ట్రే తిప్పి అడ్డంగా మళ్లీ లాగుతారు. ఆ గీతలో చక్కెరా పాలూ గుడ్డూ ఉండవు. అందుకే చుట్టూ బన్ను ఎర్రగా కాలినా సిలువ మాత్రం పాలిపోయే ఉంటుంది. కవి నీరెండ అన్నది దీన్నే. ఓవెన్‌లోంచి తీయగానే పైన పాకం పూస్తారు, మెరుపు దానిది.

శుక్రవారము: ఈ నియమానికి శాసనం ప్రమాణం. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1592లో, లండన్ అంగళ్ల అధికారి సుగంధద్రవ్యాల రొట్టెలూ బన్నులూ అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చాడు. మినహాయింపులు మూడే: శవసంస్కారం, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్. మీరి అమ్మితే సరుకంతా పేదలకు పంచేస్తారు. శిక్ష పడ్డ నాడు పేదవాడికి పండగ అన్నమాట.

పేదల ప్రస్తావన ఇక్కడ కొత్తది కాదు. సెయింట్ ఆల్బన్స్ మఠంలో థామస్ రాక్లిఫ్ అనే సన్యాసి 1361లో గుడ్ ఫ్రైడే నాడు ఇలాంటి బన్నులు చేసి పేదలకు పంచాడని ఆ ఊరివారి ఐతిహ్యం.

శిష్టాచారం: 1773 ఏప్రిల్ 9, గుడ్ ఫ్రైడే. నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఇంట్లో తానూ ఆయనా టీతో సిలువ బన్నులు తిన్నామని ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ రాశాడు. అంతటి పండితుడు తిన్నాక మనం సందేహించడం తగదు.

పూర్వపక్షం

ఇంతకీ ఈ బన్నుకు లక్షణం ఏమిటి?

సిలువే లక్షణం అందామా, ఐర్లండు సోడా బ్రెడ్డు మీదా కత్తితో సిలువ గీస్తారు. అతివ్యాప్తి దోషం.

ఎండుద్రాక్షా సుగంధద్రవ్యాలూ లక్షణం అందామా, ఇప్పుడు బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో చీజ్ వేసి, ద్రాక్ష తీసేసి కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. అవ్యాప్తి దోషం.

వేడి లక్షణం అందామా, ప్యాకెట్లో ఉన్నంతసేపూ ఏ బన్నూ వేడిగా ఉండదు. అసంభవ దోషం.

సిద్ధాంతం

కాబట్టి బన్నుకు లక్షణం రోజే. 1793లో లండన్‌లోని చెల్సీ బన్‌హౌస్ అనే బన్నుల దుకాణం యజమానురాలు, కిందటేడు విరగబడ్డ జనం చేసిన గొడవకు హడలి, ఈసారి గుడ్ ఫ్రైడేకి సిలువ బన్నులు అమ్మబోమని ప్రకటించింది. సిలువ లేని చెల్సీ బన్నులు మాత్రం మామూలుగానే దొరుకుతాయని చెప్పింది. తలుపులు విరగ్గొట్టే ఆకలి పిండికి కాదు, ఆ శుక్రవారానికేనని ఆమెకు తెలుసు.

ఇక్కడ ఒక ఆక్షేపణ. గుడ్ ఫ్రైడే నాడు కాల్చిన బన్ను బూజు పట్టదనీ, ఓడలో ఉంటే ఓడ మునగదనీ, పొడి చేసి నీళ్లలో కలిపి తాగితే కడుపునొప్పి తగ్గుతుందనీ ఇంగ్లండులో పూర్వం నమ్మేవారు. లండన్‌లోని విడోస్ సన్ అనే పబ్బు ఉన్న చోట ఓడెక్కిన కొడుకు కోసం ఒక తల్లి ఏటా ఒక బన్ను దాచిపెట్టిందని కథ; నావికులు గుడ్ ఫ్రైడే నాడు అక్కడ పైకప్పుకు వేలాడే వలలో కొత్త బన్ను వేయడం ఆనవాయితీ. మరి మరునాడు మహిమ లేదనడం ఎలా పొసగుతుంది? పొసగుతుంది. కవి ‘తినిన’ అన్నాడు గానీ ‘దాచిన’ అనలేదు. తినడానికి ఒక్కరోజు, దాచుకోవడానికి ఏళ్లకేళ్లు. రెంటికీ మూలం కాల్చిన రోజే.

ఈ సూక్ష్మం దుకాణదారులకు పట్టలేదు. క్రిస్మస్ దీపాలు విప్పీ విప్పకముందే బ్రిటన్ అంగళ్లలో ఈ బన్నులు అరల్లోకి చేరుతున్నాయి. 1592 నాటి అధికారి ఉంటే సరుకంతా పేదలపాలు అయ్యేది.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు ఆ శుక్రవారం దాకా ఆగుదురు గాక. సికింద్రాబాదు బేకరీల్లోనూ ఆ పూట ఈ బన్ను దొరుకుతుంది. రెండుగా కోసి, పెనం మీద కాల్చి, వెన్న ధారాళంగా రాయండి. ఆగలేనివారికి బ్రిటన్‌లోనే టీకేక్ ఉంది: ఎండుద్రాక్ష ఉంటుంది, సిలువ ఉండదు. దాన్ని ఏడాదంతా తినవచ్చు. ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.