పాపులేషన్ రిపోర్టు ఏలినవారి సముఖానికి

విషయం: ఆన్‌లైన్‌లో గ్రేడెడ్ క్రీడా కార్డులు అమ్మేవారు ఏలినవారి పేరు చెప్పి చాటుతున్న 'అరుదు' గురించి.

ఆర్యా,

గ్రేడింగ్ కంపెనీ పరిశీలించి, 1 నుంచి 10 లోపు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేసిన ఆటగాడి బొమ్మే గ్రేడెడ్ కార్డు. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. దాని పైభాగంలోని లేబుల్ మీద ఆటగాడి పేరు, సంవత్సరం, గ్రేడు, సర్టిఫికేట్ నంబరు ఉంటాయి. ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టే పట్టిక పాపులేషన్ రిపోర్టు. కొనుక్కునేవారి నోట క్లుప్తంగా 'పాప్'. ఈబే లాంటి చోట్ల అమ్మేవారు తరచుగా ప్రమాణం చేసేది ఈ పట్టిక మీదే. శీర్షికలో "పాప్ 2, ఇంతకు మించిన గ్రేడు లేదు" అని పడితే చాలు, అడిగే ధర మారిపోతుంది. లెక్క చాలాసార్లు నిజమే. ఆ లెక్క చేత చెప్పిస్తున్న సాక్ష్యమే అబద్ధం. అందుకే ఈ అర్జీ.

ఏలినవారు లెక్కించేది వేసిన గ్రేడులనే గాని లోకంలో ఉన్న కార్డులను కాదు. 9 వచ్చిన కార్డుకు 10 వస్తుందేమోనన్న ఆశతో యజమాని స్లాబ్ పగలగొట్టి మళ్ళీ పంపుతాడు. మళ్ళీ 9 వస్తుంది. పాత లేబుల్ కంపెనీకి తిరిగి చేరకపోతే పట్టికలో రెండు 9లు మిగిలిపోతాయి, ఉన్న కార్డు ఒక్కటే అయినా. ఈ లోపం గురించి అమ్మేవారు ధారాళంగా మాట్లాడతారు, ఎందుకంటే అసలు సంఖ్య ఇంకా తక్కువని చెప్పుకోవచ్చు. రెండో లోపం దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపరు: గ్రేడింగ్‌కు పంపని కార్డులు ఈ లెక్కలో లేనే లేవు. ఫీజు, పోస్టు, బీమా కలిపితే కార్డు ఖరీదును మించిపోయే చోట ఎవరూ పంపరు. కాబట్టి పాప్ 1 అంటే కార్డు ఒక్కటే ఉందని కాక, పంపినవాడు ఒక్కడే ఉన్నాడని కావచ్చు.

1980లలో మన దేశంలో బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. వాటి మీది పరుగులు, వికెట్లు కూడబెట్టి బహుమతులకు మార్చుకునేందుకు పిల్లలు పోటీ పడేవారు. అలాంటి బొమ్మ ఒకటి ఇవాళ అమెరికా పంపి గ్రేడ్ చేయిస్తే పట్టికలో దాని పక్కన ఒంటరి అంకె కనిపించినా వింత లేదు. పిల్లల చేతుల్లో నలిగిన సరుకు గనుక మంచి స్థితిలో ఉన్నవి నిజంగానే కొన్నే కావచ్చు. కానీ అందుకు రుజువు ఆ ఒంటరి అంకె మాత్రం కాదు.

విరివిగా గ్రేడింగ్‌కు వెళ్ళే కార్డుల కథ వేరు. 1986-87 ఫ్లీర్ సెట్‌లో 57వ నంబరు మైకేల్ జోర్డాన్ కార్డును ఒక్క పీఎస్ఏ కంపెనీయే 20,000 సార్లకు పైగా గ్రేడ్ చేసింది. అందులో 10 తెచ్చుకున్నవి 300 చిల్లర. 10 గ్రేడు జోర్డాన్ దొరకడం కష్టమంటే ఎవరూ కాదనరు. ఆ పలుకుబడి అడ్డం పెట్టుకుని, వేల సంఖ్యలో ఉన్న 8 గ్రేడు కార్డుకు 'అతి అరుదు' తోక తగిలించడమే పేచీ. పోనీ, 10 ధరైనా అరుదును బట్టే నడిచిందా? 2021 జనవరిలో అది వేలంలో 7,38,000 డాలర్లు పలికింది. కొద్ది నెలల్లోనే అందులో సగం కూడా పలకలేదు. పట్టికలో సంఖ్య దాదాపు అలాగే ఉంది. మారింది కొనేవారి ఉబలాటం. ఇక 1989 అప్పర్ డెక్ సెట్‌లో మొదటి నంబరు, బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డుకు 10 గ్రేడులే వేల సంఖ్యలో ఉన్నాయి. 1980ల చివర కంపెనీలు కార్డులను గుట్టలుగా అచ్చేశాయి, కొన్నవారు భద్రంగా దాచారు. ఆ కాలపు కార్డుకు ముప్పై ఏళ్ళు నిండినంత మాత్రాన అరుదు రాదు.

పట్టికను ముక్కలు చేసి అరుదు పుట్టించడం మరో విద్య. పీఎస్ఏ అర గ్రేడులు ఇవ్వడం 2008లో మొదలుపెట్టింది. అంతకు ముందు గ్రేడైన కార్డులకు 8, 9 తప్ప 8.5 అనేదే లేదు. పాత కార్డుకు 8.5 గడిలో చిన్న అంకె కనిపిస్తే అందులో నిబంధన వయసు వాటా కూడా ఉంటుంది. బొమ్మ పక్కకు జరిగిందనో, మరక ఉందనో లోపాన్ని అక్షరాల్లో సూచించే గ్రేడులకు వేరే లెక్క ఉంటుంది; అక్కడా 'పాప్ 2'లు తేలిగ్గా దొరుకుతాయి. పైగా ఒక కంపెనీ లెక్కలో ఇంకో కంపెనీ కార్డులు ఉండవు. 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లు పలికిన 1952 టాప్స్ సెట్‌లోని బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డుకు 9.5 ఇచ్చింది ఎస్‌జీసీ అనే మరో గ్రేడింగ్ కంపెనీ. పీఎస్ఏ పట్టికలో వెతికితే అది కనపడదు. 'ఇంతకు మించిన గ్రేడు లేదు' అన్నవారిని ఏ కంపెనీ లెక్కలో అని అడగాల్సింది ఇందుకే.

కార్డు మీదే అచ్చయ్యే సీరియల్ నంబర్లు దీనికంటే నమ్మదగినవి. 50 మాత్రమే వేశామని తయారీదారే చెబుతున్నాడు గనుక. అక్కడా కిటుకులు లేకపోలేదు. అదే బొమ్మ నీలంలో, బంగారు రంగులో, ఎరుపులో విడివిడి నంబర్లతో వస్తుంది. అచ్చు పలకలను కూడా ఒక్కో రంగుకు ఒకటి చొప్పున నాలుగు అమ్ముతారు, నాలుగింటి మీదా 1/1 అనే ఉంటుంది. ఆటగాడి జెర్సీ నంబరు 23 అయితే 23/50 కార్డును 'ప్రపంచంలో ఒకే ఒక్కటి' అనేవారున్నారు. ఆస్తి పంపకం రోజున మిగతా నలభై తొమ్మిది మంది అన్నదమ్ములను గుమ్మం బయట నిలబెట్టినట్టుంటుంది ఆ వాదన.

నిజమైన అరుదుకు చెప్పుకోదగ్గ కారణం ఒకటి ఉంటుంది. 1952 టాప్స్ చివరి విడతలో అమ్ముడుపోని కార్డులను 1960లో సముద్రంలో పారబోయించానని టాప్స్ ఉద్యోగి సై బర్గర్ స్వయంగా చెప్పాడు. 1909-11 నాటి టీ206 సెట్‌లో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ముద్రణ, పొగాకు పెట్టెల్లో తన బొమ్మ వద్దని అతను అడ్డు చెప్పడంతో ఆగిపోయిందంటారు. కారణం చెప్పలేక అంకె మాత్రమే చూపే అమ్మకందారు దగ్గర తొందరపడనక్కర లేదు.

పరిశీలన మొదలయ్యేది సర్టిఫికేట్ నంబరుతో. దాన్ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే కార్డు పేరు, గ్రేడు, ఇప్పటి పాప్, చాలా కార్డులకు ఫోటో కూడా వస్తాయి. పేరు, గ్రేడు సరిపోయాయని అక్కడితో ఆగకూడదు. నకిలీ లేబుల్ చేసేవారు అసలైన నంబరునే ఎత్తి రాస్తారు. ఫోటో పక్కన ఫోటో పెట్టి చూడాలి. ఎడమ అంచు కుడి అంచు కంటే ఎంత వెడల్పు, కింది మూలలో తెల్లచుక్క ఎక్కడుంది, బొమ్మలో అచ్చు మచ్చ ఉందా అన్నవి చూస్తే కార్డు ఆనవాలు దొరుకుతుంది. స్లాబ్ అంచుల అతుకు మసకబారి, పగుళ్ళతో కనిపిస్తే తెరిచి మూసినట్టు అనుమానించాలి. ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి కొత్త ఫోటో పంపమంటే సరుకు చేతిలో ఉన్నవాడికి రెండు నిమిషాల పని. ధరకు, అడుగుతున్న రేట్లు కాక అమ్ముడైన రేట్లు చూడాలి. బేరమాడి తగ్గించుకున్న చోట ఈబే పాత రేటునే కొట్టివేసి చూపుతుంది గనుక అదీ అసలు ధర కాదు.

ఇంత చేసినా తేలేది కార్డు, లేబుల్ ఒకదానికొకటి చెందినవని మాత్రమే. లేబుల్ చెప్పింది నిజమా అన్నది వేరే ప్రశ్న. పీఎస్ఏ 1991లో మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు, హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ భాగస్వామిగా కొన్న వాగ్నర్, 8 తెచ్చుకుంది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు అంకె గ్రేడు ఇవ్వకూడదు. అయినా అది 2007లోనే 28 లక్షల డాలర్లకు చేతులు మారింది.

కనుక ఏలినవారు దయతలచి, ప్రతి అంకె పక్కన ఏడాది క్రితం అంకె కూడా చూపించాలి. స్లాబ్ పగలగొట్టినవారు లేబుల్ తిరిగి పంపితే తర్వాతి ఫీజులో ఎంతో కొంత తగ్గించాలి. ఏ కంపెనీ, ఏ గ్రేడు, ఏ తేదీ లెక్క అన్నది రాయకుండా 'పాప్' అన్న మాట వాడేవారిని మందలించే అధికారం ఏలినవారికి లేదని తెలిసినా, ఆ కోరిక కూడా ఇందులో చేర్చడమైనది.

చిత్తగించవలెను.

ఇట్లు,
సర్టిఫికేట్ నంబరు అడిగినందుకు అమ్మకందారు బ్లాక్ చేసిన కొనుగోలుదారు