రేకుల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
గేజి యడిగి చూడు కెరటాల రేకుకు
మెరక మీద కొట్టు మేకులన్ని
గాలి వైపు నోరు కానీకు మతుకుకు
రజను తుడిచి దిగుము రాత్రిలోగ

అవతారిక: మేడ మీద ట్యాంకు పక్కన రెండు గదులు లేపి, స్లాబుకు డబ్బు చాలక రేకులకు దిగిన గృహస్థుతో మేస్త్రీ పలికిన పద్యమిది. నిన్నటిదాకా ‘సార్’ అన్నవాడు ‘చూడు, కొట్టు’ అని ఏకవచనానికి దిగాడంటే అప్పటికే అడ్వాన్సు ముట్టినదని ఊహించవలెను.

ప్రతిపదార్థం: గేజి = అంకె పెరిగేకొద్దీ రేకు పలచనయ్యే కొలత (24 కంటే 26 పలచన; ‘నంబరు ఎక్కువదే ఇస్తున్నా’ అనే కొట్టువాడి మాటలోని ధ్వని గ్రహించేది); కెరటాల రేకు = మడతల వల్లనే బిగువు పొందిన రేకు; మెరక మీద = కెరటపు వీపున, నీరు పారే పల్లంలో కాదు; మేకులు = రబ్బరు వాషరున్న స్క్రూలు; అతుకు = రేకు మీద రేకు ఎక్కే చోటు (వాలులో 15 సెంటీమీటర్లకు తగ్గరాదు); రజను = కోసినప్పుడు, కన్నాలు పొడిచినప్పుడు రాలే ఇనుప పొడి. దీనికి రాత్రి మంచు తగిలితే కొత్త రేకుపై తుప్పు మచ్చలు లేచును.

తాత్పర్యం: ఓ గృహస్థా! కారేది రేకు కాదు, దానికి నువ్వు పొడిపించిన కన్నం. రంగు ఎంచడానికి వారం తిరిగావు, వాషరును ఒక్కమారు నొక్కి చూడవైతివి. స్క్రూ వదులైతే నీరు దిగుతుంది. మితిమీరి బిగిస్తే వాషరు ఉబ్బి చిట్లుతుంది, మెరక సొట్టపడి నీరు అక్కడే నిలుస్తుంది. ఎండకు రబ్బరు పెళుసెక్కుతుంది గనుక ఏటా తొలకరికి ముందే నిచ్చెన వేసి చూసుకో.

విశేషాలు: గీత పడినచోట ఇనుముకు బదులు పైపూతలోని జింకు తానే ముందు కరిగిపోతుంది. కథానాయకుడు ఇనుమే అయినా వీరరసమంతా జింకుదే. ఏసీలోని రాగిని తాకిన నీళ్లు పడినా, తడి సిమెంటు చిందినా ఆ వీరుడు త్వరగా నేలకొరుగును.

మూడవ పాదానికి ఒక ఆక్షేపణ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ మీదుగా సాగింది. ఒకవైపు వీచిన గాలి కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి తిరగబడింది. అప్పుడు ఏది గాలి వైపు? అతుకు నోటి సంగతి ఏటా కురిసే వానజల్లుకే అని సమాధానం. తుఫాను రేకును పైకి పీకుతుంది. ఆ పీకుడు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. కవి ఈ మాట మింగాడు. స్క్రూలకు డబ్బు తనదే కాబోలు.

పాఠాంతరం: కొందరు ‘మేకలన్ని’ అని చదివి, మెరక మీది మేకలను తోలమన్నాడని అర్థం చెప్పారు. రేకుపై అడుగు, కింద దూలం దన్నున్న స్క్రూల వరుస వెంటే పడాలి. ఆ నియమం మేకకు తెలియదు గనుక ఆ పాఠమూ పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు.