సాహసయాత్ర పక్కనే ఆర్టీసీ బస్సు

హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయ అని ఒకటుంది. జనం మొహం చూడకుండా ఏకాంతంగా నాలుగు రోజులు గడపాలనిపిస్తే మనవాళ్లు అక్కడికి వెళ్తారు. డజను బుల్లెట్ బండ్ల మీద, గుంపుగా.

నిజానికి వాళ్లను లాగేది లోయ కాదు, దారి. దారి ఎంత ఘోరంగా ఉంటే యాత్ర అంత ఘనం. కాలనీ మలుపులో గుంత కనిపిస్తే కార్పొరేటర్ వంశాన్నంతా తలుచుకునే పెద్దమనిషే, స్పితి దారిలో గ్రాంఫూ నుంచి బాతల్ దాకా ఉన్న గుంతల కోసం విమానం టికెట్టు కొంటాడు, బండి అద్దెకు తీసుకుంటాడు, మోకాళ్లకు కవచాలు తొడుక్కుంటాడు. ఊళ్లో గుంత ఉచితం, అందుకే లోకువ.

మనాలి నుంచి స్పితికి ముఖ్యపట్టణమైన కాజాకు సుమారు 200 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగే బాధ తప్పింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, నున్నటి రోడ్డు, దీపాలు. మన సాహసికి అక్కడ కొంచెం నిరాశే. గ్రాంఫూ దాటాక ప్రాణం లేచొస్తుంది: రాళ్లు, బురద, ఒక పక్క కొండచరియ, ఇంకో పక్క చంద్రా నది. కాగితాల్లో ఈ దారి పేరు 505వ నంబరు జాతీయ రహదారి.

ఇక నాలాలు. పైన మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పడే వాగులివి. రాత్రి చలికి మంచు గడ్డకట్టి ఉంటుంది కనుక తెల్లవారుజామున నీళ్లు చీలమండ లోతుకు మించవు. ఎండెక్కేకొద్దీ కరుగుతుంది, మధ్యాహ్నానికి అదే వాగు బండ్లను పక్కకు నెట్టేంత జోరందుకుంటుంది. పొద్దున పిల్లి, మధ్యాహ్నం పులి. స్థానికులు చీకటితోనే బయల్దేరేది అందుకే. మనవాళ్లు మాత్రం ఆలూ పరోటాలు తిని, బండ్లన్నిటినీ వరసలో నిలబెట్టి ఫొటో దిగి, డ్రోను ఎగరేసి, అది చెట్టుకు చిక్కుకుంటే దింపుకుని పదకొండింటికి కదులుతారు. మూడింటికి నాలా గట్టున నిలబడతారు. నీళ్ల అడుగున గుండ్రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. ఒకాయన ఫోను ఆకాశానికెత్తి సిగ్నల్ వెతుకుతుంటాడు. "మ్యాపులో ఇది లేదురా" అంటాడు ఇంకొకాయన, మ్యాపు మీద కేసు వేసేవాడిలా.

తెల్లవారకముందే మనాలిలో బయల్దేరిన హిమాచల్ ఆర్టీసీ బస్సు ఈ నాలా ఎప్పుడో దాటేసింది. బాతల్ దాబాలో భోజనాలు కూడా ముగించుకుని వెళ్లిపోయింది. అందులో బియ్యం మూటలున్నాయి, సెలవులకు ఇంటికెళ్లే పిల్లలున్నారు, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న మామ్మ ఉంది. డ్రైవరు హెల్మెట్ మీద కెమెరా లేదు, ఎందుకంటే హెల్మెటే లేదు. ఇదే దారిలో రేపు మళ్లీ వెనక్కి రావాలి. దాన్నాయన డ్యూటీ అంటాడు.

దారిలో వచ్చే కుంజుం కనుమ ఎత్తు 4,500 మీటర్లకు పైనే. అక్కడ కుంజుం మాత గుడి చుట్టూ వాహనాలతోనే ప్రదక్షిణ చేయడం ఆనవాయితీ. బస్సు కూడా చేస్తుంది. నిద్రపోతున్న మామ్మకు సైతం పుణ్యం టికెట్టులోనే కలిసొస్తుంది.

సుమారు 2,000 మీటర్ల మనాలి నుంచి 3,600 మీటర్లు దాటిన కాజాకు ఒక్క రోజులో ఎగబాకితే చాలామందికి తలనొప్పి, వాంతులు తప్పవు. సిమ్లా వైపు నుంచి రాంపూర్, రికాంగ్ పియో, నాకో, తాబోల మీదుగా రెండు మూడు రోజులు ఆగుతూ వెళితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. కానీ అది దూరం, సెలవులు చాలవు. తాబో బౌద్ధారామం 996 నుంచి అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు. పోయేది సోమవారం లాగిన్.

ఇప్పుడు గ్రాంఫూ-కాజా రోడ్డు పనులు సాగుతున్నాయి. వెళ్లొచ్చినవాళ్లకు అదో బెంగ: "తారు వేసేస్తే స్పితి పాడైపోతుందండీ, ఇక అందరూ వచ్చేస్తారు." అందరూ అంటే వాళ్ల తర్వాత వచ్చేవాళ్లు. పచ్చిబఠాణీ వాడిపోకముందే లారీకెక్కించి మైదానాల మండీకి పంపాల్సిన స్పితి రైతును ఈ విషయంలో ఎవరూ అడగలేదు. చలికాలంలో కుంజుం మూసుకుపోతే మనాలి ఆస్పత్రికి సిమ్లా వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాల్సిన రోగినీ అడగలేదు. వాళ్లు సాహసికులు కారు కదా, ఉత్త నివాసులు.

బస్సు వేసవిలో కుంజుం తెరిచాక మొదలై, మంచు పడి కనుమ మూసేదాకా నడుస్తుంది. టికెట్టు మనాలి బస్టాండులో దొరుకుతుంది. కాజా నుంచి కీ గొంపా (బౌద్ధారామం) వైపు, కిబ్బర్ దాకా ఊరి బస్సే ఉంది. వెళ్లండి, కిటికీ సీటు మాత్రం మామ్మకు వదిలేయండి.