5:45కి సూర్యాస్తమయం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, బోర్డు మీద బోర్డు ఉన్న ఒక భవనం మూడో అంతస్తులో నేను క్లౌడ్ పాఠాలు చెబుతాను. నలభై అయిదు రోజుల్లో నేర్పలేనిది లోకంలో లేదని మా సందులో అందరూ నమ్ముతారు. నేను అందరికంటే కాస్త ఎక్కువే నమ్మాను.

పొద్దున ఆరున్నర బ్యాచ్ మాత్రం ఇంట్లోంచే, ఆన్‌లైన్లో; అమెరికాలో ఉన్న మనవాళ్ళది. న్యూజెర్సీ చలికాలంలో మనకంటే పదిన్నర గంటలు వెనక, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. వాళ్ళు మార్చిలో గడియారం ఎప్పుడు ముందుకు తిప్పుతారో, నవంబరులో ఎప్పుడు వెనక్కి తిప్పుతారో నన్ను నిద్రలేపి అడిగినా చెబుతాను. అంత గొప్పవాణ్ణి కాబట్టే 2019 డిసెంబరు సెలవుల్లో, ఏడో తరగతి చదివే మా అమ్మాయితో అండమాన్ వెళ్ళేటప్పుడు ఎక్సెల్ షీటు వేసుకున్నాను. వాళ్ళమ్మ పంజాగుట్టలో నర్సు. ఆ వారం ఆవిడకి సెలవు దొరకలేదు. దొరికుంటే ఈ స్వగతం రాయాల్సిన పని ఉండేది కాదు.

మూడు దీవులు, ఆరు రోజులు, అరవై నాలుగు వరసలు. అందులో ఒక వరస: సెల్యులర్ జైలు, 40 నిమిషాలు. 1896లో మొదలుపెట్టి 1906 దాకా కట్టిన జైలది. అంతకు చాలా ముందే, కోఠీ రెసిడెన్సీ మీద 1857 జులై 17న జరిగిన దాడిలో ముందు నిలిచిన మౌల్వీ అలావుద్దీన్‌ని మన హైదరాబాదు నుంచి ఈ దీవులకే పంపారు. అక్కడే పోయాడాయన. అమ్మాయి ఆ గదుల ముందు ఒక్కొక్క చోటే ఆగుతుంటే నేను ఫోను చూసుకుంటూ "ఇంకా పన్నెండు నిమిషాలే" అన్నాను.

ఇక టికెట్ల సంగతి. అన్నీ మెయిల్లో ఉన్నాయి. హేవ్‌లాక్ వెళ్ళే పడవ దగ్గర నిలబడితే నెట్ లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ 2020 ఆగస్టుకి గానీ మొదలు కాలేదు. క్లౌడ్ మాస్టారు ఫోను ఆకాశానికెత్తి జెట్టీ అంతా తిరుగుతుంటే, అమ్మాయి తన సంచిలోంచి మా సందు చివరి జిరాక్సు షాపులో తీయించిన కాగితాలు తీసింది. ఎప్పుడు తీయించావే అంటే, "మీ మెయిల్ పాస్‌వర్డ్ నాకు తెలుసు కదా నాన్నా" అంది.

హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని ముందటి ఏడాదే పేరు మార్చారు గానీ, మమ్మల్ని రాధానగర్ బీచ్‌కి తీసుకెళ్ళిన కారు డ్రైవరు కూడా హేవ్‌లాక్ అనే అన్నాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. షీటు ప్రకారం 5:15కి బీచ్, 5:45కి సూర్యాస్తమయం. నాలుగున్నరకి నేను తీరిగ్గా టీ తాగుతుంటే అతను రెండుసార్లు వచ్చి, "ఇక్కడ పొద్దు బేగి గూకిపోద్ది బావూ" అన్నాడు. అతనికి కిరాయి తొందర అనుకున్నాను. మేం చేరేసరికి ఆకాశం అంచున కాస్త ఎరుపు మిగిలింది, అంతే. చెప్పులు చేత్తో పట్టుకుని జనం తిరిగొస్తున్నారు.

"మన గడియారం గీత కాకినాడ దగ్గర కదా నాన్నా, ఎనభై రెండున్నర. ఇది తొంభై మూడు. డిగ్రీకి నాలుగు నిమిషాలు" అంది అమ్మాయి. అది వాళ్ళ సోషల్ పుస్తకంలోదట. ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. చెప్పిందట, విమానంలో. నేను షీటుకి రంగులు వేసుకుంటున్నానట.

ఇవన్నీ నవ్వుకునే తెలివితక్కువలు. అసలుది నీల్ దీవిలో జరిగింది.

అంతకు నెల ముందు మా అమ్మ పోరు పడలేక, పిల్ల జాతకానికి పగడం ఉంగరం చేయిద్దామని పంజాగుట్టలో ఒక నగల దుకాణానికి వెళ్ళి, ధర విని మంచినీళ్ళు తాగి వచ్చేశాను. నీల్‌లో చూస్తే ఇసుక నిండా తెల్లటి పగడపు ముక్కలు, ఊరికే. తీసుకెళ్ళకూడదని బోర్డుంది. అమ్మాయి చదివి వినిపించింది. పైగా నగల పగడం ఎర్రగా ఉంటుంది కదా అని అడిగింది. సాన పడితే అదే ఎర్రబడుతుందన్నాను! ఎర్ర పగడం వేరే జాతి అనీ, మధ్యధరా సముద్రంలో దొరుకుతుందనీ తర్వాత చదువుకున్నాను. ఆ రాత్రి అది నిద్రపోయాక అరచేయంత ముక్క దాని సంచిలో, నీళ్ళ సీసా పక్క అరలో పెట్టాను. పిల్లల సంచి ఎవరు చూస్తారులే అని.

పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయంలో చూశారు. ఇదెవరిదని జవాను అడిగితే, నా నోట్లోంచి తడుముకోకుండా వచ్చిన మాట: "బచ్చీ హై సాబ్, తెలియక ఏరుకుంది."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఇది చిన్న చిన్న ప్రాణులు కట్టుకున్న ఇల్లమ్మా, ఇక్కడే ఉండాలి అని నెమ్మదిగా చెప్పాడు. అమ్మాయి నా వైపు చూడలేదు. "సారీ అంకుల్" అంది. నేను బెల్టు పెట్టుకుంటూ నిలబడ్డాను.

ఇంటికొచ్చిన మర్నాడు ఆరున్నర క్లాసు. ట్రిప్ ఎలా జరిగింది సార్ అని న్యూజెర్సీ కుర్రాడు అడిగాడు. ఉత్సాహం ఆపుకోలేక, మా అమ్మాయి పగడాలు దాచి ఎలా దొరికిపోయిందో అభినయంతో సహా చెప్పాను. అందరూ నవ్వారు.

వెనక తలుపు దగ్గర అమ్మాయి బూట్ల లేసులు కట్టుకుంటోంది. పూర్తిగా కట్టుకుని లేచి, వచ్చి, తెర మీద మూల వెలుగుతున్న ఎర్రచుక్క మీద వేలు పెట్టింది.

"నాన్నా, రికార్డింగ్ ఆన్‌లో ఉంది."

క్లాసు వీడియోలు ఆ సాయంత్రానికల్లా అందరికీ పంపడం మా షరతు. పంపాను.