మందాగ్ని ఉపాసకుడు

హైదరాబాదుకు ఉత్తరాన, ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడి, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరి, ఔటర్ రింగు రోడ్డు పుణ్యమా అని విల్లాల వరుసలకు నెలవైన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో ఇటీవల తటస్థపడుతున్న గృహస్థులలో, గుప్పెడు గింజలను ఎనిమిది గంటలపాటు ఉడికించే పురుషుడు ప్రత్యేక పరిశీలనకు అర్హుడు. నడివయస్సు, అమెరికాలో గడిపిన కొన్నేళ్లు, ఇంటి నుంచే చేసుకోగల ఉద్యోగం, ఈ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ ఓపిక లేదన్న గట్టి నమ్మకం ఈ రకానికి సామాన్య లక్షణాలు. అంతవరకు మంచినీళ్ల కోసం తప్ప వంటింటి గడప తొక్కని ఈ మనిషిని పొయ్యిగట్టు దాకా నడిపించిన ఘనత స్లో కుక్కర్‌కే దక్కాలి.

స్లో కుక్కర్ అనగా, అడుగున, చుట్టూ ఉన్న తీగల వేడిని మందపాటి పింగాణీ కుండకు మెల్లగా ఎక్కించి, నీటిని మరిగీ మరగని స్థితిలో గంటల తరబడి నిలిపి ఉంచే విద్యుత్ పాత్ర. దీని స్థలపురాణాన్ని ఉపాసకుడు వచ్చిన ప్రతి అతిథికీ వినిపిస్తాడు: యూదులు శనివారం పొయ్యి వెలిగించరు గనుక, లిథువేనియాలోని విల్నియస్‌లో శుక్రవారం సాయంత్రమే గింజలు, మాంసం ఉన్న కుండను రొట్టెల దుకాణం పొయ్యిలో పెట్టి మర్నాటికి తీసుకునేవారని, తల్లి నోట ఈ సంగతి విన్న షికాగో ఇంజనీరు ఇర్వింగ్ నాక్సన్ 1940లో విద్యుత్ కుండకు పేటెంటు పొందాడని, గింజల కోసమే ‘బీనరీ’ పేరుతో అమ్ముడైన ఆ పాత్రను రైవల్ కంపెనీ 1971లో ‘క్రాక్‌పాట్’గా మార్చి లోకప్రసిద్ధం చేసిందని. ఇంతా విన్న ఉపాసకుడి తల్లి, కృష్ణా జిల్లాలోని తమ పెరటి దాలిగుంటలో, అనగా పిడకల నిప్పు రోజంతా కునుకుతూ ఉండే గుంటలో, పాలు కాగేవని, ఎడ్లకు ఉలవలు ఉడికించగా మిగిలిన కట్టుతోనే చారు కాచేవారని అంటుంది. నాక్సన్ తల్లికి దక్కిన గౌరవం ఈమెకు దక్కదు. దాలిగుంటకు పేటెంటు లేకపోవడమే అందుకు కారణం కావచ్చు.

అమెరికా నుంచి విమానంలో ఒడిలో పెట్టుకుని తెచ్చిన పాత్ర 120 వోల్టులది, ఇక్కడి కరెంటు 230 వోల్టులది కనుక, రెంటికీ రాజీ కుదిర్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కుక్కర్ కన్నా బరువుగా గట్టు మీద తిష్ఠ వేస్తుంది. దానికి చోటివ్వడం కోసం మిక్సీ ఉత్తరపు బాల్కనీకి వలస పోయింది.

గింజల విషయంలో మాత్రం ఆయన పరిజ్ఞానాన్ని తీసిపారేయడానికి వీలులేదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజ తొక్కలోని పెక్టిన్‌ను, అంటే కణాలను అతికి ఉంచే జిగురును, బిగించివేస్తాయి. అందుకే బోరు నీళ్లలో శనగలు ఎంతకీ మెత్తబడవు. లీటరు నీటికి రెండు మూడు చెంచాల ఉప్పు కలిపి రాత్రి నానబోస్తే సోడియం వాటి స్థానంలోకి చేరి తొక్క సడలుతుంది. చింతపండు, టమాటా వంటి పులుపు ముందే పడితే గింజ మొండికేస్తుంది గనుక, వాటిని ఉడికిన తరువాతనే వేయాలి. రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదన్న నియమాన్ని కూడా ఆయన నిష్ఠగా పాటిస్తాడు. పచ్చి రాజ్మాలో ఉండే ఫైటోహీమాగ్లుటినిన్ అనే మాంసకృత్తు వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. అది చాలీచాలని వేడికి నశించదు సరికదా, కొన్నిసార్లు మరింత చెలరేగుతుంది. అందుచేత కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో పొయ్యి మీద 10 నిమిషాలకు తక్కువ కాకుండా, వీలైతే అరగంట, తెర్లించిన తరువాతే కుండలోకి దించాలి. అరగంట పొయ్యి మీద తెర్లాక అదే గిన్నెలో ఇంకొంతసేపు ఉంచితే పోదా, లేదా ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిళ్లు రానిస్తే సరిపోదా అన్న ఇల్లాలి ప్రశ్నకు ఇంతవరకు శాస్త్రీయమైన సమాధానం రాలేదు; ‘రుచి వేరే ఉంటుంది’ అన్నది మాత్రం వచ్చింది.

ఇక ఈ యంత్రం పుట్టిందే మనిషిని వంటింటి నుంచి విముక్తుణ్ణి చేయడానికి. పొద్దున మీట నొక్కి పనికి వెళ్లి, సాయంత్రం వచ్చి తినడం దాని ధర్మం. ఉపాసకుడు కదలడు. మూత ఎత్తితే పోయిన వేడి తిరిగి చేరడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుందని ఇంటిల్లిపాదికీ చాటి, ఎవరూ ముట్టరాదని శాసించి, మూత గాజు మీద పేరుకున్న ఆవిరి బొట్లను చూపుడువేలితో టకటకమని తట్టి రాల్చి, లోపలికి తొంగి చూసి, తృప్తి చాలక తానే ఎత్తుతాడు. గరిటెతో నాలుగు అలసందలు తీసి ఊదుతాడు. తొక్క చిట్లి ముడుచుకుంటే ఉడుకు పట్టినట్టు గుర్తు. చిట్లదు. మూత పెడతాడు. ఈ పరీక్ష అరగంటకొకసారి జరుగుతుంది కనుక, ఎనిమిది గంటల వంట పదకొండుకు చేరడంలో వింత లేదు. వేసవి గాలివానకు కరెంటు పోయినప్పుడు ఆయన ముఖం చూసినవారు, గోరువెచ్చని గింజలలో క్రిములు ఎంత వేగంగా పెరుగుతాయో వేరే చదవనక్కరలేదు.

రుచి పట్ల ఆయన సిద్ధాంతం సగం సరైనది. బిరియాని ఆకు, దాల్చినచెక్క, వెల్లుల్లి పాయలు నిదానపు వేడిలో తమ సారాన్ని గింజ లోపలి దాకా పంపుతాయన్నది నిజం. అయితే నూనె కాగి, ఉల్లిపాయ ఎర్రబడేటంత వేడి ఆ కుండకు లేదు కనుక, ఎనిమిది గంటల తరువాత కూడా వాసనలో ఏదో లోటు మిగులుతుంది. దీనిని కనిపెట్టినది ఆయన కాదు, మేడ్చల్ నుంచి షేర్ ఆటోలో పనికి వచ్చే అమ్మ. మూత తీసి ఆయన ‘హెర్బ్ లెగ్యూమ్ స్ట్యూ’ అని పరిచయం చేయగా ఆమె వంగి చూసి, “గుడాలే కద సార్, జర పోపెయ్యనా?” అన్నది. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు రెండు నిమిషాల్లో చేసిన పని చూసి ఇల్లంతా పళ్లేలతో వచ్చి నిలబడింది. ఆ రోజు నుంచి తన వంటవిధానంలో ‘తుది దశ’ అనే కొత్త అంకం చేరినట్టు ఆయన ప్రకటించాడు.

ఆదివారాలలో ఈ పాకం చిన్న డబ్బాలలో పొరుగు విల్లాలకు బయలుదేరుతుంది. పరాయింటి గిన్నెను ఉత్తిదిగా తిప్పి పంపకూడదన్న ఆచారం ఇంకా బతికే ఉన్నందున, ఏం పెట్టాలో తోచని పొరుగువారు ఇంట్లో ఎవరూ తినక మిగిలిపోయిన రాజ్మా పొట్లమో, అలసందల పొట్లమో వేసి పంపుతారు. దానిని ఆయన మళ్లీ కావాలన్న విన్నపంగా స్వీకరించి, ఆ రాత్రికే ఉప్పునీళ్లలో నానబోస్తాడు.