నేను, దామలచెరువు తక్కెడ

నన్ను మొదట వేలాడదీసింది దామలచెరువులో ఒక చిల్లర అంగడి దూలానికి. ఇనుప కాడ, రెండు ఇత్తడి తట్టలు, నడుమ ముల్లు. పక్కన పేర్చినవి కిలోల రాళ్లే అయినా, ముసలివాళ్లు చాన్నాళ్లు వీశెల్లోనే బేరమాడేవాళ్లు. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరులో మొదలయ్యాయి గానీ, 120 తులాల వీశె అంత తేలిగ్గా జనం నోళ్లు వదల్లేదు. తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి రాళ్ల అడుగున సీసం మీద ముద్ర కొట్టి పోయేవాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నా తట్ట కింద రవ్వంత చింతపండు అంటుకునేది. ఎవరు అంటించారో చెప్పను, ఆ ఇంటి ఉప్పు తూచినదాన్ని.

ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక అటకెక్కాను. అటక మీంచి ఊరి ప్రాథమిక పాఠశాలకు.

2025 జూన్‌లో బడి తెరిచేసరికి ఎక్కడ చూసినా తోతాపురి మామిడికాయే, లేనిదల్లా ధర. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4, కలిపి 12 అని ప్రకటించారు. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. లోడు దిగేలోపు అడుగు కాయ మెత్తబడేది.

ఐదో తరగతి మేడం నన్ను కిటికీ కమ్మీకి కట్టింది. ఒక తట్టలో కాయలు పెట్టింది, రెండో తట్టలో పది రూపాయల జ్యూసు ప్యాకెట్టు. ప్యాకెట్టు మీద రాసింది ఒకడు చదివాడు: నీళ్లు, మామిడి గుజ్జు, చక్కెర. నీళ్లెందుకు ముందొచ్చాయని వాడికి నవ్వు. ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలని మేడం చెప్పేసరికి నవ్వు ఆగింది.

తర్వాత వంద చింతపిక్కలు తెచ్చింది. ఆ ప్యాకెట్టు పది రూపాయలే అవి, పిక్కకు పది పైసలు. రైతు, కాయ కోసే కూలీ, లారీ, ఫ్యాక్టరీ, అంగడి అని ఐదుగురిని నిలబెట్టి పంచుకోమంది. రైతు వేషం పిల్ల ముందే యాభై లాక్కుంది. ఫ్యాక్టరీ పిల్లోడు చేతులు కట్టుకొని, "సరే, కాయ నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. రేపటికి కుళ్లిపోయే సరుకది. ఆ పిల్ల ముప్పై తిరిగిచ్చింది, తర్వాత ఇంకో పది. చివరికి మేడం వైపు తిరిగి అడిగింది: "కాటా వాళ్లదే, ధర చెప్పేదీ వాళ్లే. మరి మా నాయన చెప్పేదేముంది మేడం?"

చింతపండు అంటించిన తక్కెడనైతే గీకి సరిచేయొచ్చు. కాయ దించాక ధర చెప్పే పద్ధతికి ఏ తట్ట అడుగున వెతకాలి?

మేడం అరకు సంగతి ఎత్తుకుంది. అక్కడి గిరిజన రైతులు సహకార సంఘంగా కలిసి కాఫీ అమ్ముతారు. 2017లో ఆ అరకు కాఫీకి పారిస్‌లో అంగడి తెరుచుకుంది. ఫెయిర్‌ట్రేడ్ ముద్ర గురించీ చెప్పింది. 1988లో నెదర్లాండ్స్‌లో మెక్సికో కాఫీతో అలాంటి ముద్ర మొదలైంది. మార్కెట్ ఎంత పడినా ఆ ముద్ర ఉన్న కాఫీకి ఇంతకు తగ్గకూడదన్న ధర ఒకటి ఉంటుంది. దానిపైన కొంత సొమ్ము సంఘానికి చేరుతుంది, బడికా బావికా అన్నది రైతులే తేల్చుకుంటారు. సీసం ముద్ర తూకానికైతే, ఇది ధరకు. నాకు నచ్చింది. మా కాయకు ఆ ముద్ర వేసేవాళ్లు మాత్రం అంగడిలో ఉన్నన్నాళ్లూ నా కంటబడలేదు.

అంతలో పుట్టినరోజు పిల్లోడు చాక్లెట్లు పంచాడు. ఇందులో కోకో ఎక్కడిదని మేడం అడిగింది. మన ఏలూరు వైపు కొబ్బరితోటల్లోనూ కాస్తుంది గానీ, ప్రపంచం తినేదాంట్లో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాలదే. అక్కడా కాయ కోసేవాళ్లకు, కాయ కొట్టేవాళ్లకు మిగిలేది అంతంతే.

"అయితే ఇప్పుడు మనం ఫ్యాక్టరీ పక్కనా?" అన్నాడు చేతులు కట్టుకున్నవాడు, చాక్లెట్ నములుతూనే.

ఇంటి దగ్గర అడిగి రమ్మని ఒక లెక్క ఇచ్చింది మేడం: కిలో కాయ ఫ్యాక్టరీ గేటు దాకా చేరాలంటే ఎంతవుతుంది? మర్నాడు నోటుపుస్తకాలు తెరిచారు. దుక్కి, మందు కొట్టడం, కోత కూలి, బండి బాడుగ, వరసలో నిలబడ్డ రోజులకు డ్రైవరు బత్తా. ఏ ఇద్దరి మొత్తమూ కలవలేదు. ఒక పిల్ల పుస్తకంలో అంకెలే లేవు, నాయన చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది: "లెక్క రాసుకుంటే తోట కొట్టేయాల్సి వస్తుంది."

మేడం దానికీ ఎర్ర టిక్కు పెట్టింది, లెక్కల నోటులోనే.