సీలు విప్పని బావగారు

న్యూజెర్సీలో మా బావగారి బేస్‌మెంట్‌లోకి చెప్పులతో దిగకూడదు. కాఫీ కప్పుతో దిగకూడదు. దిగాక గట్టిగా తుమ్మకూడదు. పైన అక్క పూజగదికి కూడా ఇంత మడి లేదు. కింద కొలువున్నది దేవుడు కాదు, ముప్పై నలభై ఏళ్ళ కిందటి స్పోర్ట్స్ వీడియో గేములు.

ఇలాంటి బావగారు ఊరికొకరున్నారు. కొందరు స్టాంపులు దాస్తారు, కొందరు నాణేలు. ఈయన ఆటలు దాస్తారు, ఆడరు. క్రీడలంటే ప్రాణమే. కానీ మోకాళ్ళ నొప్పుల వల్ల బేస్‌మెంట్ మెట్లు కూడా పక్కవాటుగా, కమ్మీ పట్టుకుని దిగుతారు. అలాంటి మనిషి జీవితాశయం ఒక పరుగుపందెం ఆట.

దాని పేరు స్టేడియం ఈవెంట్స్. 1987లో బాండై కంపెనీ నింటెండో యంత్రం కోసం అమెరికాలో విడుదల చేసింది. నేల మీద మ్యాట్ పరిచి, దాని మీద మనం నిజంగా పరిగెత్తితే టీవీలో బొమ్మ పరిగెడుతుంది. నింటెండోకి ఆ మ్యాట్ నచ్చింది. హక్కులు కొనేసి, 1988లో అదే ఆటని వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్ అని పేరు మార్చి అమ్మింది. పాత పేరుతో ఉన్నవి దుకాణాల్లోంచి మాయమయ్యాయి. మిగిలినవాటి మీదే మా బావగారి లాంటి వాళ్ళ కన్ను. 2010లో నార్త్ కరోలినాలో ఒకావిడ తన పాత సామాన్లలో దొరికిన గేములన్నీ కలిపి ఈబేలో పెడితే, ఆ గుంపులో స్టేడియం ఈవెంట్స్ అట్టపెట్టెతో సహా ఉన్నందుకు 13,105 డాలర్లు పలికింది. కొద్ది వారాలకే సీలు విప్పని కాపీ ఇంకొకటి 41,300 డాలర్లకు పోయింది. పేరు మారిన ట్రాక్ మీట్ మాత్రం ఈనాటికీ కాఫీ ఖరీదుకి దొరుకుతుంది.

"రెండూ ఒకే ఆట కదా బావగారూ?"

"ఆట ఒకటేనోయ్. స్టిక్కరు వేరు."

శనివారం తెల్లారకముందే గరాజ్ సేల్స్‌కి బయల్దేరతారు. టేబుళ్ళు ఇంకా సర్దుతుండగానే టార్చిలైటుతో ప్రత్యక్షం. గేములు కనబడగానే ముఖంలో వైరాగ్యం వచ్చేస్తుంది. పక్కనున్న కుక్కర్ ధర అడుగుతారు, పాత దుప్పటి తిరగేస్తారు, చివరికి ఏదో పోనీలే అన్నట్టు, "అవేంటి, పిల్లలాడుకునేవా?" అంటారు. ఆయన పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు.

ఇంత నటనా చేసి పెట్టె తీస్తే లోపల మాడెన్ ఫుట్‌బాల్, ఎన్‌బీఏ లైవ్. ఎప్పుడూ అవే. ఏటా జట్లు మార్చి కొత్తది వదిలేవారు కనక నిరుటిది ఎవరికీ పనికొచ్చేది కాదు. లక్షల్లో అమ్ముడుపోయాయి, అందుకే చిత్తు కాగితాల ధర కూడా రాదు. ఈ లోకంలో హిట్టయిన ఆటకి గతి లేదు. పరువు పోయినదానికే పరపతి. 2010లో ఈఏ కంపెనీ వాళ్ళ ఎన్‌బీఏ ఎలైట్ 11 డెమోలో బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆండ్రూ బైనమ్ బొమ్మ కోర్టు మధ్యలో చేతులు చాచి కొయ్యబారిపోయింది. అందరూ నవ్వారు. కంపెనీ ఆటనే రద్దు చేసింది. ఈలోపు బయటికి జారిన కొద్ది డిస్కులకీ ఇప్పుడు వేల డాలర్లు. బైనమ్ పేరెత్తితే బావగారు భక్తిగా కళ్ళు మూసుకుంటారు.

దొరికిన సరుకు అసలుదో కాదో తేల్చడం పెద్ద తంతు. పాత నింటెండో పెట్టె అయితే వెనక ప్లాస్టిక్ కవరు అతుకు హెచ్ అక్షరంలా ఉండాలి. మళ్ళీ చుట్టి అమ్మే దొంగలుంటారట. భూతద్దం పెట్టి ఆ అతుకుని పెళ్ళిచూపుల్లో మేనత్తలా పరీక్షిస్తారు. నెగ్గితే గ్రేడింగ్ కంపెనీకి ప్రయాణం. అక్కడ డబ్బు కట్టించుకుని, పెట్టెకి పదికి ఇన్ని మార్కులని, కవరుకి విడిగా ఇంకో గ్రేడని వేసి, ఆక్రిలిక్ డబ్బాలో బిగించి పంపుతారు. తన కొడుకు మార్కులు ఒక్కటీ గుర్తులేని మనిషి, ఏ పెట్టెకి 9.4 వచ్చిందో, ఏది మూల నలిగి 9.2 దగ్గర ఆగిపోయిందో నిద్రలో అడిగినా చెబుతారు.

తెలుగువాడు కనక క్రికెట్ మమకారం పోలేదు. 1992లో ఆస్ట్రేలియాలో నింటెండోకి వచ్చిన ఇంటర్నేషనల్ క్రికెట్ తెప్పించుకున్నారు. అక్కడి కార్ట్రిడ్జ్ అమెరికా యంత్రంలో పనిచేయదు. ఆ సంగతి నేనన్నాను.

"పనిచేస్తే పెట్టాలనిపిస్తుంది. పెడితే అరుగుతుంది," అన్నారు.

ఈమధ్య వ్యూహం మార్చారు. పాతవాటి కోసం తిరగడం దేనికి, రేపటి అరుదైనవి ఇవాళే కొంటే పోలా? కొత్త స్పోర్ట్స్ గేము ఏదొచ్చినా ముందు తిట్లు చదువుతారు. బాగుందంటే మొహం మాడ్చుకుని వదిలేస్తారు. పరమ చెత్త, డబ్బు వాపసివ్వాలి అని జనం గగ్గోలు పెడితే వెంటనే రెండు కొని అలమారలో పెడతారు. అక్క చీరలు ఇప్పుడు సూట్‌కేసుల్లోకి వెళ్ళాయి. మొన్న ఫోన్లో ఆవిడ ఏదో అనబోతుంటే వెనక నుంచి బావగారి గొంతు ఉత్సాహంగా వినిపించింది: "ఒసేయ్, ఇదీ ఫ్లాపేనటే!"